మగ్గం ఆడుతోందా?

"ఇంట్లో మగ్గం ఉంటే అది ఇల్లు కాదమ్మా, వ్యాపారం. పన్ను ఆ లెక్కనే పడుతుంది" అన్నాడు దుర్గాప్రసాద్, వార్డు సచివాలయం నుంచి ఇంటి కొలతలకొచ్చిన ఉద్యోగి.

మంగళగిరి నేతగాళ్ల వీధిలో నిలబడి అనే మాటేనా అది? అంకమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఏం వ్యాపారమయ్యా? ఆ మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మా ఆయన నడుం పడిపోయింది. కొట్టు పెట్టామా, బోర్డు కట్టామా? నిరుటిదాకా ఇల్లేగా, ఇప్పుడేమొచ్చింది?"

"నిరుటిదాకా అద్దెని బట్టి పన్ను. ఇప్పుడు ఆస్తి విలువని బట్టి. ఇల్లయితే ఒక రేటు, వ్యాపారమైతే దానికి రెండింతలు. నేను పెట్టిన రూలా?"

"పెట్టినవాడు మా గుమ్మంలోకి రాడుగా. వచ్చింది నువ్వేగా."

రెండింతలు కట్టడం వాళ్ల తరమా? అంకమ్మ కాస్త ఆలోచించి గొంతు మార్చింది.

"అసలా మగ్గం ఆడటం లేదబ్బాయ్. మానేసి చాన్నాళ్లయింది. ఇల్లనే రాసుకో."

గుమ్మంలో కూర్చున్న మొగుడు మార్కండేయులు చివ్వున తలెత్తాడు. "ఏం కూస్తున్నావే? మగ్గం వినేట్టు అనే మాటేనా అది?"

"నువ్వు నోర్ముయ్. పన్ను నువ్వు కడతావా?"

దుర్గాప్రసాద్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. "ఆడని మగ్గం మీద పడుగెందుకుందమ్మా? సగం నేసిన చీర కనబడుతూనే ఉంది. నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

అంకమ్మ కొంగు బిగించింది. గూట్లోంచి కత్తెర తీసింది. మార్కండేయులు లేచి వచ్చేలోపే ఆ పడుగుని ఈ చివర నుంచి ఆ చివరికి కరకరా కోసిపారేసింది. పోగులన్నీ గుంటలోకి జారిపోయాయి. మార్కండేయులు గోడ పట్టుకుని కూలబడ్డాడు. 

"ఇప్పుడు చెప్పు, ఆడుతోందా?" అంది అంకమ్మ రొప్పుతూ.

"లేదు" అన్నాడు దుర్గాప్రసాద్. మగ్గాన్ని ఫొటో తీసుకున్నాడు. ఇల్లు అనే రాసి, రాసింది చూపించాడు కూడా.

"ఇక వెళ్లు" అంది అంకమ్మ, పీడ వదిలిందన్నట్టు.

అతను చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఇంకోటమ్మా. ఏటా సర్కారు నుంచి మీకొచ్చే నేత సాయం ఉంది చూడండి, ఈసారి మగ్గం ఆడుతున్న ఇళ్లకే ఇమ్మన్నారు. ఆ ఎంక్వయిరీ కూడా నాదే. మళ్లీ రానక్కర్లేదులెండి, ఈ ఫొటోనే పంపిస్తాను."