పడమటి ఎండ

ఏసీ మళ్లీ ఆగింది.

ప్రసన్న చేతిలో పని వదిలేసి పాప ఒళ్లు తడిమి చూసింది. అప్పుడే వేడెక్కుతోంది.

రెండేళ్ల సింధూరకు పుట్టుకతోనే చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. గది చల్లగా లేకపోతే జ్వరం, ఆపైన ఫిట్స్. ఎండాకాలం వచ్చిందంటే ప్రసన్నకు కంటి మీద కునుకు ఉండదు, కాలు ఒక చోట నిలవదు.

కరెంటు పోయినప్పుడు పాత ఏసీ ఒక్కసారిగా గుంజే కరెంటును ఇన్వర్టర్ తట్టుకోలేకపోయేది. అందుకే భర్త చందు దానికి మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్ పెట్టించాడు. ఇప్పుడది మెల్లగా మొదలై, ఇన్వర్టర్ మీద కూడా నడుస్తోంది.

కానీ డ్రైవ్ బాక్సు ఉన్నది డాబా మీద, కొత్తపేట ఎండలో. కాగితే చాలు, మొండికేస్తుంది.

పాపకు తడిబట్ట చుట్టి చంకనేసుకుని డాబా మీదికి పరుగెత్తింది. అక్కడి నుంచే టెక్నీషియన్ గౌతమ్‌కు ఫోన్ చేసింది.

"బాక్సు మీద చెయ్యి పెడితే కాలుతున్నది! నా బిడ్డకేమన్న అయితే ఎవరిది బాధ్యత?"

"నీడ లేదు కదా మేడమ్, అందుకే ఆగిపోతోంది. రేపు మా మనిషిని పంపిస్తాను. పైన నెట్ కట్టేస్తాడు."

"రేపంటే రేపే రావాలె!"

ఆ అరుపుకు పక్కనే ఉన్న రేకుల గదిలోంచి అంతయ్య తొంగిచూశాడు. ఎల్బీనగర్ వైపు ఏదో ఫంక్షన్ హాల్‌కు రాత్రి వాచ్‌మన్. పగలు పడుకుంటాడు.

"బిడ్డకు పానం మంచిగ లేదామ్మా?"

ప్రసన్న అప్పటికే మెట్లు దిగుతోంది. పాపను నీళ్లలో కూర్చోబెట్టే తొందరలో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఏసీ ఆగలేదు.

వెళ్లి చూస్తే బాక్సుకు నీడగా గ్రీన్ నెట్ కట్టి ఉంది. పాతది. తాడు కూడా కాదు, నీలిగళ్ల లుంగీ పీలికలతో ముడులు.

"పిసినారోళ్లు! పాతదే తెచ్చి కట్టిపోయిన్రు" అని గొణుక్కుంది. ఏదైతేనేం, పాప చల్లగా ఆడుకుంటోంది.

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. బట్టలు ఆరేయడానికి ఎప్పుడు పైకెళ్లినా అంతయ్య ఆ నెట్ చుట్టుపక్కలే కనిపించేవాడు.

"వాని కండ్లు చూసినవా? నిప్పుల్లెక్క ఎర్రగున్నయి. తాగుతడు కావచ్చు" అంది చందుతో.

"మనకెందుకే? ఊకో."

"ఊకుండుడెట్ల? పగలు పండుకోకుంట మన ఏసీ దగ్గర వానికేం పని?"

అనుమానం పెనుభూతం. అది పట్టాక ఆమె ఇంకా ఎక్కువసార్లు మెట్లెక్కసాగింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం దాటాక వెళ్లేసరికి దొరికిపోయాడు. నెట్ సగం విప్పేసి ఉంది. అంచు అతని చేతిలో ఉంది.

"ఏం చేస్తున్నవ్?"

అంతయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎండ గిటు మళ్లింది తల్లీ, అందుకని జర..."

"అందుకని? మా నెట్ నీ రేకుల మీదికి గుంజుకుందామనుకున్నవా?"

అతను తన గది కప్పు వైపు ఒకసారి చూశాడు. ఏదో చెప్పబోయాడు.

"ఈ నెట్టు..."

"మాట్లాడకు! ఇది లేకపోతే నా బిడ్డ బతకదు. పసిపిల్ల నీడ దొంగతనం చేస్తవా? సిగ్గులేదా?"

కింద నుంచి పాప ఏడుపు వినిపించింది. అంతయ్య మొహం మారిపోయింది.

"పో తల్లీ, ముందుగాల బిడ్డను చూసుకో. నేను కట్టేస్త."

ఆమె దిగుతూనే నాగోల్‌లో ఉండే ఇంటి ఓనర్ బాల్‌రాజ్‌కు ఫోన్ చేసింది.

"వాచ్‌మనే దొంగతనం చేస్తే ఎట్ల? కంచే చేను మేసినట్టున్నది" అన్నాడు బాల్‌రాజ్. "గిసోంటి కిరాయిదారు నాకొద్దు. ఖాళీ చేపిస్త."

ఆ ఆదివారమే అంతయ్య పరుపు చుట్టుకుని, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని దిగాడు. ప్రసన్న గుమ్మం ముందు ఆగాడు.

"పొద్దు పడమటికి వాలంగనే నెట్టు గటు దిక్కు జర గుంజున్రి తల్లీ."

ప్రసన్న తలుపు ధడాలున వేసేసింది. పీడ విరగడైందనుకుంది.

మరునాడు మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది.

పాపకు తడిబట్ట చుట్టి చందు చేతిలో పెట్టి, ఆమె గౌతమ్‌ను పిలిపించింది. అతని వెంటే డాబా ఎక్కింది. నెట్ కట్టింది కట్టినట్టే ఉంది. పడమటి ఎండ మాత్రం పక్క నుంచి వచ్చి బాక్సును కాల్చేస్తోంది.

"ఏం కట్టిపోయిండు మీ మనిషి? నీడే ఆగుతలేదు!"

గౌతమ్ తడబడ్డాడు. "సారీ మేడమ్. ఆ రోజు మనిషిని పంపడం కుదర్లేదు. సీజన్ కదా, తర్వాత మర్చిపోయాను. మీరే కట్టించుకున్నారనుకుంటున్నా."

"మేమా? మేం కట్టలే!"

"మా వాళ్లెవరూ అసలు ఇటు రాలేదండీ."

అతను ఒక ముడి విప్పి నెట్ అంచును పడమర వైపు లాగి కట్టాడు. అంతయ్య చేతిలో ఆ రోజు ఉన్నది ఆ అంచే. కాసేపటికి ఏసీ మెల్లగా మొదలైంది.

ప్రసన్న మొదటిసారి ఆ రేకుల గది వైపు సరిగ్గా చూసింది. లోపల అడుగు పెడితే పొయ్యిలోకి వెళ్లినట్టుంది. ఈ సెగలో మనిషన్నవాడికి పగటి నిద్ర ఎలా పడుతుంది? కళ్లు ఎర్రబడక ఏమవుతాయి? వెతుకుదామంటే అతను ఏ ఫంక్షన్ హాల్‌లో పనిచేస్తాడో కూడా ఎన్నడూ అడగలేదు.

బయటికొచ్చి తలెత్తింది. కప్పు అంచున ఉన్న ఇనుప పైపుకు నీలిగళ్ల లుంగీ పీలికలు ఇంకా వేలాడుతున్నాయి.

ఆమె దొంగ అని వెళ్లగొట్టింది ఆ నెట్ సొంతదారునే.