జీరంగి కాపలా

తుమ్మచెట్టు ఆకులు తిని బతికే జీరంగి ఒకటి ఆ చెట్టు మొదట్లోనే, బెరడు సందున గుడ్లు పెట్టుకుంది. మర్నాడే ఒక పేడపురుగు వచ్చి పక్కనే బొరియ తవ్వసాగింది. జీరంగికి తన గుడ్ల గురించి భయం పట్టుకుంది.

"ఏం తింటావయ్యా నువ్వు?"

"అడవిదున్నల పేడ, తల్లీ. ఇంకేదీ నోట పెట్టను," అంది పేడపురుగు.

"మరి ఆ పేడ ఉండని లోపలికెందుకు దొర్లిస్తున్నావు?"

"పుట్టబోయే నా పిల్లలకి."

జీరంగి నమ్మలేదు. పేడ తినేవాడు గుడ్లు మాత్రం వదులుతాడా అనుకుంది. ఆకు ముట్టకుండా బొరియ ముందే కాపలా కూర్చుంది.

మధ్యాహ్నం పేడపురుగు బయటికొచ్చి, చెట్టు వైపు చూసి కంగారుపడింది. "తల్లీ, ఎర్రచీమలు నీ గుడ్లని మోసుకుపోతున్నాయి. తొందరగా వెళ్లు."

నన్ను ఇక్కణ్ణుంచి కదిలించాలని చూస్తున్నాడు అనుకుంది జీరంగి. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. "నీ ఎత్తులు నా దగ్గరా?" అంది.

ఇక లాభం లేదని పేడపురుగు తానే చీమలకి అడ్డం పోబోయింది. జీరంగి ఎగిరి దాని కాలు పట్టుకుంది. చివరి చీమ గుడ్డుతో పుట్టలోకి దూరేదాకా ఆ పట్టు వదల్లేదు.