నలభై దాటని బండి

ఎత్తు ఎక్కుతున్న కారును ఒక సైకిలు దాటేసింది.

వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్న ఆరుగురు పిల్లలు సైకిలాయనకు సరదాగా చేతులూపారు. డ్రైవరుకు తల కొట్టేసినట్టయింది.

యాక్సిలరేటర్ అడుగంటా నొక్కే ఉంది. ఇంజిను రెండో గేర్లో గోల పెడుతోంది గానీ బండి ముందుకు సాగదు. ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపుతున్నట్టుంది. కొన్న కొత్తలోనే మొదలైంది ఈ వరస. ఒక్కోసారి భయమేసి అద్దంలో చూసుకునేవాడు. వెనక పిల్లలు తప్ప ఎవరూ ఉండరు.

స్కూలు గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్ వాచీ చూసుకుంటూ నిలబడింది.

"ఈ నెల్లో ఇది తొమ్మిదోసారి. సోమవారం కూడా ఆలస్యమైతే వేరే బండి మాట్లాడుకుంటాం" అంది.

ఆ ఆరుగురు పిల్లల వల్లే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. తిన్నగా షెడ్డుకు పోయాడు.

"పెట్రోలు నీళ్ళలా తాగుతోందన్నా. పని మాత్రం చెయ్యదు."

"మా బావమరిదీ అంతే" అంటూ మెకానిక్ బానెట్ ఎత్తాడు.

ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. ప్లగ్గులు విప్పి చూశాడు. జాకీతో ఎత్తి, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు తిప్పి చూశాడు. సైలెన్సరు పూడుకుపోయిందేమో చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"రోగం లేదు తమ్ముడూ. మరి ఈ నీరసం దేనికో అర్థం కావట్లేదు."

మెకానిక్‌లు చేసే పొరపాటే అతనూ చేశాడు. జబ్బు ఎప్పుడూ బానెట్ కిందే ఉంటుందనుకున్నాడు. డ్రైవరు కాళ్ళ కింది పట్టా ఎత్తి చూసింది మర్నాడు సాయంత్రమే.

పెడలు కింద ఒక చెక్కముక్క ఉంది. నున్నగా చిత్రిక పట్టి, పైన రబ్బరు అంటించి, స్క్రూలతో బిగించి ఉంది. పెడలు సగం దిగి దాని మీద ఆగిపోతోంది. సగం బలంతో ఎత్తు ఎక్కలేక బండి రెండో గేర్లోనే మూలుగుతోంది, పెట్రోలంతా అక్కడే తగలబడుతోంది.

"ఎవడో పనితనం తెలిసినవాడే పెట్టాడు" అన్నాడు మెకానిక్. "తాళాలు ఇంకెవరికైనా ఇస్తావా?"

డ్రైవరు ఆలోచించాడు. రోజూ పొద్దున్నే బండి కడిగే ముసలాయనకు ఇస్తాడు. పిల్లలు ఆయన్ని బకెట్ తాత అంటారు. తను బండి కొన్న వారంలోనే ఎక్కడి నుంచో వచ్చి, కడుగుతానన్నాడు. ఎంతిస్తే అంత పుచ్చుకునేవాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ ఆయన్ని నిలదీశారు.

"నేనే పెట్టాను బాబూ" అన్నాడు ముసలాయన.

"ఎవరు పెట్టమన్నారు? ఇంకో బండివాడా?"

"ఎవరూ కాదు. అది నలభై దాటకూడదు."

"నా పొట్ట కొడుతున్నావు, తెలుస్తోందా నీకు?"

ముసలాయన తల వంచుకున్నాడు. "తెలుసు బాబూ. ఆ చెక్క ఒక్కటీ ఉంచు. బతికినన్నాళ్ళూ ఊరికే కడుగుతాను."

డ్రైవరు బకెట్‌ను కాలితో తన్నాడు. "ఇంకోసారి ఈ బండి ఛాయల్లో కనిపిస్తే పోలీసులకు పట్టిస్తాను."

ముసలాయన అతని వంక చూడలేదు. ఒకసారి కరిచిన కుక్కను చూసినట్టు కారు వంకే చూస్తూ వెనక్కి నడిచాడు. మెకానిక్ స్క్రూలు విప్పేశాడు.

సోమవారం బండి మూడో గేర్లో ఎత్తు ఎక్కేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. డ్రైవరుకు ప్రాణం లేచి వచ్చింది. టైముకు ఇంకా పావుగంట ఉంది. అయినా కాలు తీయబుద్ధి కాలేదు. ముల్లు డెబ్బై దాటింది.

స్కూలు మలుపులో ఒక చిన్నపిల్ల తల్లి చేయి విడిపించుకుని రోడ్డు మీదకు పరుగెత్తింది.

బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు.

పక్క నుంచి ఎవరో ఉరికి వచ్చి పిల్లను అవతలికి తోసేశారు. ఆ తరువాత వినిపించిన చప్పుడు డ్రైవరు చచ్చేదాకా మరిచిపోలేడు.

పిల్లకు మోకాళ్ళు గీసుకున్నాయంతే. బకెట్ తాత పొద్దున్నే వచ్చి ఆ మలుపులో కాపు కాశాడని గేటు దగ్గర ఆయా చెప్పింది. ఆయన్ని అదే కారులో ఎక్కించుకుని పరుగు తీశారు. ఆస్పత్రి దాకా ఆయన ప్రాణం ఆగలేదు.

మధ్యాహ్నానికి రెండు బస్సులు మారి ఆయన భార్య ఆస్పత్రికి వచ్చింది. ఏడవలేదు. కిటికీలోంచి ఆవరణలో నిలిచి ఉన్న కారును చూసింది.

"ఈ బండేనా?"

డ్రైవరు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "చెక్క నేనే తీయించానమ్మా. ఆయన ఎందుకు పెట్టాడో నాకు తెలియలేదు."

"ఈ బండిని కాల్చేసి రమ్మని మా తమ్ముడు ఎన్నోసార్లు చెప్పాడు. ఈయన వినలేదు. బండేం చేసింది, నొక్కిన కాలుది కదా తప్పు అనేవారు."

"ఎవరి కాలమ్మా?"

"మొదటి ఓనరుది" అందామె, కారు మీది నుంచి చూపు తిప్పకుండా. "తొమ్మిదేళ్ళయింది, ఆ బండి మా పాప మీద నుంచి వెళ్ళిపోయి, అప్పట్నుంచీ అది ఏ ఊరికి అమ్ముడుపోతే ఆ ఊరు వెళ్ళి, ఇంకెవరి పాపా దాని కింద పడకుండా, ఈయన దాన్ని కడుగుతూ తిరిగారు."