ఆఖరి ముక్క

"భోజనం వేడిగానే వస్తోందా, థీరా గారూ?" గుమ్మంలో నిలబడే అడిగాడు ఆస్గెర్. డెన్మార్క్‌లోని ఓడెన్సే ఊళ్ళో ఇంటింటికీ భోజనాలు పంపే కంపెనీ, పనెలా సాగుతోందో చూసి రమ్మని అతన్ని పంపింది.

"పొగలు కక్కుతూ వస్తోంది. పన్నెండు కొట్టేసరికి బల్ల మీదుంటుంది."

"అయితే లోటేమీ లేదన్నమాట."

"తిన్నాక 'భోజనానికి థాంక్స్' అనే కదా బాబూ, మనం లేచేది? భోజనం తెచ్చే ఆ పిల్లేమో గిన్నె పెట్టి ఒకటే పరుగు. ఈ ఎదురు కుర్చీతో అంటున్నా. దానికి మర్యాద లేదు, పలకదు."

కిటికీలోంచి అతను వచ్చిన వ్యాను కనబడుతోంది. దాని మీద పెద్ద అక్షరాలు: 'ఇక ఎవరూ ఒంటరిగా తినరు.'

ఆస్గెర్ ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తినండి. ఈసారి నాతో అనండి."

చేపా, బంగాళాదుంపలూ చల్లారిపోయాయి. థీరా ప్లేటులో ఆఖరి ముక్క అలాగే ఉంది. అది తినేస్తే ఆ మాట అనాలి. అన్నాక అతను లేచి వెళ్ళిపోతాడు.