సంచి కడిగినవాడు

సంచి మీద వేన్నీళ్ళు పొయ్యమన్నాడు వేటగాడు అప్పడు.

పొయ్యనన్నాడు మోతవాడు.

"వేన్నీళ్ళు వద్దంకుల్. నెత్తురు గుడ్డకి పట్టీస్తాది. ఇంక వదల్దు."

అప్పడికి ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళుగా మలేషియాలో, సుంగై సిపుట్ పామాయిల్ తోటల్లో అడవి పందుల్ని కొడుతున్న మనిషి అతను. నిన్నగాక మొన్న వచ్చినవాడు నీళ్ళ సంగతి చెబుతాడా?

మోకాళ్ళు పోయాక మాంసం మోయడానికి మనుషుల్ని పెట్టుకోవలసి వచ్చింది. ఒక్కడూ పనికొచ్చినవాడు లేడు. ఒకడు సిగరెట్టుకని దారిలో కూర్చుని మళ్ళీ లేవలేదు. ఇంకొకడు జలగను చూసి సంచి పారేసి పరిగెత్తాడు.

ఇతన్ని టీకొట్టు ముగిలన్ పంపాడు. పేరు కుమార్ అన్నాడు. నలభైకి దగ్గర వయసు. పక్క రాష్ట్రం సెలంగోర్ నంబరు మోటారుసైకిలు. తెలుగు వచ్చు, సగం తమిళం కలిపి.

పొద్దున్న ముప్ఫై కిలోల మాంసం ఎక్కడా దించకుండా వాగు దాటించి రోడ్డు దాకా తెచ్చాడు. అప్పడు మెచ్చుకోలేదు. గాడిద కూడా మోస్తుంది.

ఇప్పుడు పెరట్లో గొంతుక్కూర్చుని ఆ సంచి కడుగుతున్నాడు.

అది కొన్న సంచి కాదు. లారీ టార్పాలిన్ కత్తిరించి, భుజాలకు పట్టీలు వేసి, అప్పడి పెళ్ళాం కూర్మమ్మ చేత్తో కుట్టింది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఆమే కడిగేది. ఎలా కడిగేదో అప్పడు చూడలేదు. వేట నుంచి రాగానే తాగి పడుకునేవాడు. లేచేసరికి సంచి శుభ్రంగా ఉండేది.

ఆమె పోయాక మరిగే నీళ్ళు కుమ్మరించడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి సంచి కంపు. వీధిలోకి వెళితే కుక్కలు వెంటపడేవి.

కుమార్ సంచిని లోపలివైపు బయటికి తిప్పాడు. మూడుసార్లు చన్నీళ్ళలో జాడించాడు. ఉప్పు రాసి, పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో కుట్టూ తోమాడు. బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టాడు.

"ఏటిరా, పెళ్ళికూతురికి తలంటుతున్నావా?" అన్నాడు అప్పడు.

కుమార్ నవ్వాడు. కంచె పక్కనున్న నిమ్మగడ్డి కోసి, దులిపిన సంచిలో కుక్కాడు. ఎండలో కాదు, చూరు కింద నీడలో తీగకు వేలాడదీశాడు.

సాయంత్రం అప్పడు వాటా తీశాడు. మోసినవాడికి వెనక తొడ. అది ఆ తోటల్లో పాత కట్టుబాటు. అది వద్దంటే వేటగాడి మొహాన ఉమ్మినట్టే.

కుమార్ వద్దన్నాడు.

"మాంసం వద్దంకుల్. ఆ సంచి ఇస్తారా? మీకు ఈపో టౌన్లో కొత్తది కొనిస్తాను."

అప్పడు అతన్ని కిందికీ పైకీ చూశాడు. ఇందుకా ఇంత సేవ? ఇలాంటి ఆశపోతుల్ని ఎంతమందిని చూడలేదు.

"ఒక్క రోజు మోసీసి సంచికే ఎసరు పెట్టినావా? మీ యమ్మ కుట్టిందేటిరా, నీకివ్వడానికి?"

కుమార్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తీగ మీది సంచిని కాసేపు చూశాడు.

"వారానికోసారి నిమ్మగడ్డి మార్చండి" అన్నాడు.

బండి ఎక్కి వెళ్ళిపోయాడు. తొడ బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న మాంసం కోసం పక్కింటి పుష్పవల్లి గిన్నె పట్టుకుని వచ్చింది. సంచి చూసి ఆగింది. దగ్గరికెళ్ళి వాసన చూసింది.

"ఇది ఎవరు కడిగినారన్నా?"

"మోతోడు. బుర్ర తక్కువోడు. తొడ వదిలీసి సంచి అడిగినాడు."

పుష్పవల్లి గిన్నె కింద పెట్టింది.

"ఇలాగ నిమ్మగడ్డి కుక్కడం కూర్మమ్మక్క పనితనం. నాకెన్నిసార్లు సూపించినా రానేదు. బంటింగులో ఆడికి ఒక్కసారికే వచ్చిందని మురిసిపోయీది."

"ఎవడికి?"

ఆమె అతని మొహంలోకి చూసింది.

"శ్రీకుమారుకి."

ఏడాదికి రెండుసార్లు కూర్మమ్మ ఆ సంచిలో ఎండుమాంసం పెట్టుకుని సెలంగోర్ రాష్ట్రంలో, బంటింగ్‌లోని చెల్లెలింటికి వెళ్ళేది. సంచి అక్కడే కడిగి తెచ్చేది. మాంసం చెల్లెలు తింటోందనే అప్పడు అనుకున్నాడు.

ఆ పేరు అతను ఒక్కసారే విన్నాడు. ముప్ఫై అయిదేళ్ళ కిందట. మొదటి మొగుడు పోయిన కూర్మమ్మను చేసుకుంటానన్నప్పుడు, నాలుగేళ్ళ పిల్లాడొకడు ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వాడు గడప లోపలికొస్తే తాళి కట్టనన్నాడు అప్పడు. పిల్లాడు చెల్లెలి దగ్గర ఉండిపోయాడు.

కూర్మమ్మ పోయినప్పుడు కూడా, బూడిద నీళ్ళలో కలిపాకే బంటింగుకి కబురు పెట్టాడు.

అప్పడు కుంటుకుంటూ టీకొట్టుకి వెళ్ళాడు. ముగిలన్ దగ్గర ఫోను నంబరు లేదు. ఇంకెవరి దగ్గరా పని వద్దన్నాడట, అప్పడి ఇంట్లోనే కావాలన్నాడట. అంతకుమించి ముగిలన్‌కి తెలియదు.

అప్పడు తిరిగొచ్చి చూరు కింద నిలబడ్డాడు. రెండేళ్ళ కంపు పోయింది. సంచి ఇంకా లోపలివైపు బయటికే ఉంది. ఒక్కో కుట్టూ కనిపిస్తోంది.

నిన్న తను ఎగతాళిగా అడిగిన ప్రశ్నకు జవాబు ఆ తీగ మీదే వేలాడుతోంది: అవును, వాళ్ళమ్మే కుట్టింది.