లెక్కలో సున్నా

కంప్యూటర్ బాబు ఆ ఆదివారం కూడా వచ్చాడు. విజయనగరంలో తెల్లారే బస్సెక్కి, శ్రీకాకుళంలో ఇంకో బస్సు మారి, పాతపట్నంలో దిగి, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి మరీ వస్తాడు. అతని పేరేమిటో దాలమ్మకి తెలియదు. మొదటిసారి అడిగితే "కంప్యూటర్లలో పని చేస్తానమ్మా" అన్నాడు. ఇక అదే పేరైపోయింది.

అతను అరుగు మీద కూర్చోగానే లోపలి గది తలుపు మూసుకుంది. అది ఉష. అతనొక్కడిదే కాదు, పది నెలలుగా ఆ పిల్ల ఎవరి మొహమూ చూడటం లేదు.

ఉష దాలమ్మకి ఒక్కగానొక్క కూతురు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పసిబిడ్డల వార్డు నర్సుగా చేసేది. ఒక మధ్యాహ్నం, ఒక బిడ్డకి పాలు పడుతుండగా, ఆమె వెనక మంచంలో తొమ్మిది రోజుల పాపకి ఊపిరి ఆగిపోయింది. ఊపిరి ఆగితే యంత్రం మోగాలి. మోగలేదని ఉష మొత్తుకుంది. మోగే ఉంటుంది, నువ్వే ఫోను చూసుకుంటూ కూర్చున్నావన్నారు విచారణకొచ్చిన పెద్దమనుషులు. యంత్రంలో లెక్క తీసి చూపించారు. అలారం ప్రోగ్రాము ఆగిపోయిన సార్లు: సున్నా.

ఆ సున్నా ఉష కొంప ముంచింది. ఉద్యోగం పోయింది. నర్సు రిజిస్ట్రేషను ఆపేశారు. ఊళ్ళో వాళ్ళు పసిదాన్ని పొట్టన పెట్టుకున్న పిల్ల అన్నారు. ఒకసారి గన్నేరు పప్పు నూరుకుంటుంటే దాలమ్మ చూసింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి ఆ పిల్లా ఉండేది కాదు.

ఆ సున్నా తప్పని మొదట అన్నది ఈ కంప్యూటర్ బాబే.

యంత్రం అడుగున కెర్నెల్ అని ఒకటుంటుందట. ప్రోగ్రాములన్నిటికీ మెమరీలో చోటు పంచేది అదే. చోటు బొత్తిగా చాలకపోతే ఒకదాన్ని తనే చంపేసి తక్కినవాటిని బతికిస్తుందట. చంపినప్పుడల్లా రెండు చోట్ల రాయాలి. మొత్తం యంత్రం లెక్కలో ఒకటి, చచ్చిన ప్రోగ్రాము ఏ గుంపుదో ఆ గుంపు లెక్కలో ఒకటి. కొన్ని చావులు మొదటి దాంట్లో రాసి రెండో దాంట్లో రాయడం మరిచిపోతోంది. విచారణ వాళ్ళు చూసింది ఆ రెండోదే.

దాలమ్మకి ఇట్టే అర్థమైంది. ఆమె మొగుడు పోయినప్పుడు పంచాయతీ పుస్తకంలో రాశారు గానీ, రేషను కార్డులో మాత్రం అతను ఇంకో రెండేళ్ళు నిక్షేపంగా బతికాడు.

"నేను చేసేది ఆ కెర్నెల్ పనే. తప్పు మాదేనమ్మా" అనేవాడతను. ఆస్పత్రి కాగితాల నకళ్ళన్నీ అతని సంచీలోనే ఉండేవి. కంపెనీ పంపించి ఉంటుంది, లేకపోతే ఊరూపేరూ లేని వాళ్ళ కోసం ఇంత దూరం ఎవరొస్తారని దాలమ్మ అనుకుంది.

ఉష బయటికి రాదు కనుక అతను ప్రశ్నలు చీటీ మీద రాసిస్తే దాలమ్మ తలుపు కింద నుంచి తోసేది. జవాబు అలాగే వచ్చేది. అలారం మోగిందా అని నాలుగు ఆదివారాలు అడిగాడు. నాలుగుసార్లూ "మోగలేదు" అనే రాసింది ఉష. నాలుగోసారి ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

ఆ తప్పుకి దిద్దుబాటు అతను రాసి పంపితే, కెర్నెల్ మంచిచెడ్డలు చూసే ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో చదివి రెండుసార్లు తిప్పి పంపేశారు. ఇక్కడ సరిచేస్తే ఇంకో దారిలో ఒకే చావు రెండుసార్లు పడుతోందట. ఆ కబురు విన్నప్పుడల్లా దాలమ్మ కోపమంతా ఆ పాప తండ్రి మీదికి మళ్ళేది. తను లేనప్పుడు ఆస్పత్రి గేటు దగ్గర ఉషని నలుగురిలో నిలబెట్టి నా బిడ్డని చంపింది ఇదేనన్నవాడు, పోలీసులకి కాగితం రాసిచ్చినవాడు వాడే కదా.

"ఆడి నోరు పడిపోను. నా పిల్ల ఉసురు ఆడికి తగలకుండా పోదు" అనేది. కంప్యూటర్ బాబు తల వంచుకుని టైపు చేసుకునేవాడు. పోనీలెమ్మా అని మాటవరసకైనా అనలేదు.

ఈ ఆదివారం అతను ల్యాప్‌టాప్ తియ్యలేదు. సంచీలోంచి కవరు తీశాడు. మూడోసారి పంపిన దిద్దుబాటుని ఒప్పుకున్నారట. దాంతో విచారణ మళ్ళీ తెరిచి, ఈసారి మొత్తం యంత్రం లెక్క కూడా తీసి చూశారట. ఆ రోజు రెండూ నలభై ఒకటికి అలారం ప్రోగ్రాము చచ్చిపోయి, పదకొండు నిమిషాల తర్వాత మళ్ళీ లేచిందట. ఆ పదకొండు నిమిషాల్లోనే పాప పోయింది. ఉష తప్పేమీ లేదని తేల్చి, రిజిస్ట్రేషను తిరిగి ఇచ్చారు.

దాలమ్మ కవరు కళ్ళకద్దుకుని గొల్లుమంది. ఏడుపు కాస్త తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ కాయితం ఆ పాప తండ్రికి కూడా సూపించు బాబూ. నా పిల్లనేటన్నాడో ఆడికి తెలియాల."

"చూశాడమ్మా" అన్నాడతను. "తెలుసుకున్నాడు."

గడియ తీసిన చప్పుడైంది. ఉష గుమ్మంలోకి వచ్చింది. పది నెలల్లో సగమైపోయింది ఆ పిల్ల. బాబుకి దణ్ణం పెట్టవే అంటోంది దాలమ్మ. ఈలోగా అతనే లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

ఉష అతని మొహంలోకి చూసి, గుమ్మం పట్టుకుంది.

"ఆ పాప నాన్న ఈయనేనమ్మా."