పెట్టె జరగదు

"చెవులకు పట్టకపోతే చెప్పు, ఇంకో సైజు ఉన్నయి. పట్టినయంటే మాత్రం గా పెట్టె తీసేస్త," అన్నాడు ఆంథోని.

సంపూర్ణ డోలక్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"పెట్టె జరగదన్నా."

పర్ణశాల రోడ్డు పక్క మైదానంలో క్రిస్మస్ సభలకు స్టేజీ కట్టారు. సాయంత్రమే మొదటి సభ. పాటల బృందానికి పెద్ద ఆంథోని. ఇన్నేళ్లూ స్టేజీ మీద పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ఎదురుగా ఒక్కో స్పీకరు పెట్టె ఉండేది. తమ పాట తమకు వినబడేది అందులోంచే. ఈసారి ఆయన హైదరాబాదు నుంచి కొత్తరకం ఇయర్‌ఫోన్ సెట్లు కిరాయికి తెచ్చాడు. నడుముకు బ్యాటరీలతో నడిచే చిన్న డబ్బీ, చెవుల్లో రబ్బరు బుడిపెలు. పాట తిన్నగా చెవిలోనే పడుతుంది. ఇక స్టేజీ మీద పెట్టెలతో పనిలేదు.

అందరి పెట్టెలూ కిందికి దిగాయి. సంపూర్ణది మిగిలింది. చెప్పులు విప్పి, చెక్కపలకల మీద బాసింపట్టు వేసుకుని, మోకాలు ఆ పెట్టెకు ఆనించి కూర్చుంది. ఏ సభలోనైనా ఆమె అలాగే కూర్చుంటుంది. పాడేవాళ్లు తన ఎదుట నిలబడాలంటుంది. ఎందుకని అడిగితే అలవాటు అంటుంది. ఆ పెట్టె పోతే తన డోలక్ కూడా పోతుందని ఆమెకు తెలుసు. అది ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు.

"పెట్టెను ఏమన్న పెండ్లి జేస్కున్నవా? ఇడిసిపెట్టనంటవు."

"చేస్కున్నోడి కంటె గిదే నయం. ఎన్నడు ఎదురు చెప్పలే."

పక్కనున్న కోరస్ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆంథోనికి మండింది.

"జూడు సంపూర్ణా. సెట్టు పెట్టుకుంటవా, లేకుంటే జెస్సికాతోని ప్యాడ్లు వాయింపిచ్చుమంటవా?"

జెస్సికా ఆయన తమ్ముడి కూతురు. డోలక్‌కు బదులు వాయించే కరెంటు ప్యాడ్లు కొని ఏడాదైంది. ఎవరైనా చోటు ఖాళీ చేస్తారేమోనని చూస్తోంది.

"పెట్టుకోనని ఎవలన్నరు? మూడు రకాలు తెచ్చినవు గద. మూడు జూస్త. నచ్చితే పెట్టె తీసెయ్యి. నచ్చకపోతే గిది గిక్కడనే ఉంటది."

టెంటువాళ్లు పిలిస్తే ఆంథోని అటు వెళ్లాడు. సౌండు చూసే జస్టిన్ సెట్లు తెచ్చి ఆమె ముందు పెట్టి, మిక్సర్ దగ్గరికి వెళ్లి వైర్ల మీదికి వంగాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ముందుగాల సైజు జూస్కో అక్కా. సౌండు సంగతి తర్వాత."

సంపూర్ణ మొదటి సెట్టు పెట్టుకుంది. రబ్బరు పెద్దది. చెవి లోపల ఒరుసుకుంది. దవడ ఆడిస్తే నొప్పి. రెండోది చిన్నది. డోలక్ మీద రెండు దెబ్బలు వేసి తల ఊపేసరికి జారి భుజం మీద పడింది. మూడోది మెత్తగా ఉంది. తల ఊపినా, వంగినా, మెడ తిప్పినా కదల్లేదు. చెవికి కొలిచి చేసినట్టే ఉంది.

అప్పటికి ఆంథోని తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పట్టింది గద?"

"పట్టింది."

"మరి సౌండు?"

సంపూర్ణ ఒకసారి మిక్సర్ వైపు చూసింది. జస్టిన్ వేళ్లు మీటల మీద కదులుతున్నాయి.

"మొదటిదాంట్ల ఉత్త దబదబ, పాట మునుగుతాంది. రెండోది దోమ ఏడ్చినట్టు సన్నగ ఉన్నది. గీ మూడోది జర నయం. గని గొంతు బాయిలకెల్లి వచ్చినట్టున్నది. గిట్ల వింటె తాళం తప్పుతది. పెట్టె ఉండాల్సిందే."

జస్టిన్ వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తి ఆమెను చూశాడు. ఆమె కూడా అతన్నే చూసింది. చూపు తిప్పలేదు.

"ఏందిరా జస్టిన్, అట్ల జూస్తవు? దుకాణంల అద్దం లెక్క పలికినయి గద?"

జస్టిన్ చూపు పెట్టెకు ఆనిన ఆమె మోకాలి మీదికి దిగింది.

"అక్క చెప్పింది నిజమే అన్నా," అన్నాడు చివరికి. "నాక్కూడ గట్లనే అనిపించింది. డోలక్ కాడ పెట్టె ఉండనియ్యి."

"అందరివి తీసినంక ఒక్కదానిది ఉంటే ఏం బాగుంటది?"

"బాగుండకపోతే బట్ట కప్పు," అంది సంపూర్ణ. "తాళం ముఖ్యమా, తళుకు ముఖ్యమా? నీ పాటలన్నిటికి తాళం కట్టింది గీ చేతులు. జెస్సికాను కూసోబెడితే కూసోబెట్టు. కింద కూసోని నేను గుడ జూస్త."

ఆమె ఇలా అంటుండగానే రోడ్డు మీద పర్ణశాల భక్తుల బస్సు పెద్దగా హారన్ మోగిస్తూ పోయింది. ఆంథోని చెప్పబోయింది మింగి ఆగాడు. సంపూర్ణ ఆగలేదు. ఆ మోతలోనే తన మాట పూర్తి చేసింది.

ఆంథోని చేతులు దులుపుకున్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగుతూ, "ఎంత పొగరు ఉన్నదో," అన్నాడు. కోరస్ వాళ్లందరికీ వినబడింది. సంపూర్ణ ఉలకలేదు, పలకలేదు. ఏదన్నా ఉంటే ముఖం ముందు అనాలని, వీపు వెనక మాటకు తాను జవాబు చెప్పనని ఆమె ఎప్పుడో అందరికీ చెప్పి పెట్టింది.

కోరస్ వాళ్లు టీకి లేచారు. జెస్సికా ప్యాడ్లు సంచిలో పెట్టుకుంది. సంపూర్ణ డోలక్ తాడు బిగించి, మోకాలు మళ్లీ పెట్టెకు ఆనించింది.

జస్టిన్ వచ్చి ఆ పెట్టెను ఆమెకు ఇంకో జానెడు దగ్గరికి జరిపి, తన ముఖం సరిగ్గా కనబడేలా ఎదురుగా కూర్చుని, గొంతు పైకి రానియ్యకుండా ఉత్త పెదవులు కదిపి అన్నాడు: "అక్కా, గా సెట్లల్ల నేనింకా బ్యాటరీలే ఎయ్యలే."